వెతకబోయే ముందు కంటికి చదువు

అప్పు తీర్చుకుందామని వజ్రాల వేటకు వెళ్లకండి. ఈ అధ్యాయంలో మిగతా విషయాలన్నీ ఈ ఒక్క మాట ఒప్పుకున్నవాళ్ల కోసమే.

తొలకరి పడిందంటే కర్నూలు జిల్లా తుగ్గలి, మద్దికెర మండలాల చేలల్లో జనం తలలు దించుకుని నడుస్తుంటారు. జొన్నగిరి, పగిడిరాయి, పెరవలి పేర్లు పేపర్లో కనిపిస్తాయి. కూలికి వెళ్లిన ఎవరికో చేలో రాయి మెరిసిందనీ, దానికి లక్షలు వచ్చాయనీ వార్త. మర్నాటికి ఊరి నిండా కొత్త ముఖాలే. పిల్లల్ని వెంటబెట్టుకుని, సద్ది కట్టుకుని వస్తారు. గుడి అరుగుల మీదో చెట్ల కిందో పడుకుంటారు. ఉన్నన్నాళ్లూ కూలి పోతుంది, తిండి ఖర్చు మీద పడుతుంది, ఇంటి దగ్గర వడ్డీ మాత్రం ఆగదు. దొరికినవాడి కథ పేపరుకెక్కుతుంది. దొరకనివాళ్లు ఎంతమందో ఎవరూ రాయరు. అందుకే ఆ వార్తలు చదివి అదృష్టాన్ని లెక్కగట్టడం ప్రమాదం.

అయినా ఈ వేట అంటే నాకు ఇష్టం. సెలవు రోజున, పోయినా బాధపడని డబ్బుతో, ఉత్త చేతులతో తిరిగొచ్చినా సరే అనుకుని వెళ్లేవాళ్లకు ఇంతకు మించిన కాలక్షేపం నాకు తెలియదు. రోజంతా ఫోను చూసే కళ్లు పూర్తిగా నేల మీద నిలుస్తాయి. పిల్లలకు భూమి వయసు అర్థమవుతుంది. ఆ సుఖం దక్కాలంటే ముందు కొంత చదువుకోవాలి.

రాయి ఎక్కడి నుంచి వచ్చింది

వజ్రం పుట్టేది భూమి లోపల 150 కిలోమీటర్లకు పైబడిన లోతులో. అక్కడి వేడికీ ఒత్తిడికీ కర్బనం వజ్రంగా గట్టిపడుతుంది. కింబర్లైట్ అనే శిలాద్రవం ఆ లోతుల్లోంచి వేగంగా పైకి తన్నుకొచ్చేటప్పుడు దారిలో ఉన్న వజ్రాలను మోసుకొస్తుంది. అలాంటి కింబర్లైట్ గొట్టాలు అనంతపురం జిల్లా వజ్రకరూరు చుట్టుపక్కల ఉన్నాయి. వాటి వయసు సుమారు 110 కోట్ల సంవత్సరాలు. అన్ని కోట్ల ఏళ్లలో గొట్టాల పైభాగం అరిగి మట్టయింది. ఆ మట్టిని వానలు కడిగేశాయి. మట్టి కొట్టుకుపోయినా వజ్రం అరగదు కనుక వంకల్లో, వాగుల్లో దొర్లి గులకరాళ్ల పొరల్లో చేరింది.

గోల్కొండ వజ్రాలని ప్రపంచం పిలిచేవి కూడా గోల్కొండ కోటలో దొరికినవి కావు. గోల్కొండ సంత. గనులేమో కృష్ణానది ఒడ్డున కొల్లూరు, పరిటాల లాంటి చోట్ల గులకరాళ్ల పొరల్లో ఉండేవి. 17వ శతాబ్దంలో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ కొల్లూరు వచ్చి అక్కడి పనిని కళ్లారా చూసి రాసుకున్నాడు. 18వ శతాబ్దం తొలినాళ్లలో బ్రెజిల్‌లో వజ్రాలు బయటపడేదాకా ప్రపంచానికి ప్రధానమైన వజ్రాల సీమ మనదే. ఆ కొల్లూరు గనుల ప్రాంతం ఇప్పుడు పులిచింతల జలాశయం నీళ్ల కింద ఉంది.

ఈ చరిత్రను గొప్ప చెప్పుకోవడానికి గుర్తుచేయడం లేదు. వెతికేవాడికి ఇందులో పనికొచ్చే విషయం ఒకటుంది. ఈ చేలల్లో రాయి తాను పుట్టినచోట లేదు, నీళ్లు తెచ్చి వదిలేసిన చోట ఉంది. కాబట్టి ఎర్రమట్టిలో గులకరాళ్లు తేలిన జాగాలు, పాత వంకల అంచులు, నీరు మలుపు తిరిగి కంకర పోసిన చోట్లు చూడాలి. నున్నటి మెత్తటి మట్టిలో ఎంత తిరిగినా కాళ్లు నొప్పులే. దుక్కి దున్నినప్పుడు అడుగు రాళ్లు పైకొస్తాయి. ఆ పైన వాన పడితే మట్టి దిగిపోయి రాళ్లు కడిగినట్టు బయటపడతాయి. వజ్రానికి నీళ్లు అంటవు, బురద కూడా గట్టిగా పట్టదు. పక్క రాళ్లు మట్టి పట్టి ఉన్నప్పుడు అది శుభ్రంగా కనబడుతుంది. తొలకరికి ఉన్న మహిమంతా ఇదే.

కన్ను దేన్ని పట్టుకుంటుంది

నెదర్లాండ్స్ పక్షి శాస్త్రవేత్త లూక్ టిన్‌బర్గెన్ పైన్ అడవుల్లో చిన్న పిట్టలు పురుగుల్ని ఎలా పట్టుకుంటాయో పరిశీలించాడు. 1960లో అచ్చయిన ఆ పరిశోధనలో ఒక చక్కటి విషయం ఉంది. అడవిలో కొత్త రకం పురుగు పుట్టుకొచ్చిన మొదట్లో పిట్టలు దాన్ని పట్టించుకోవు. పురుగులు కాస్త పెరిగి, కొన్ని నోట పడ్డాక, ఒక్కసారిగా అవే ఎక్కువగా తినడం మొదలుపెడతాయి. ఆ పురుగు రూపం పిట్ట మనసులో పడిందని ఆయన అన్నాడు. అప్పటిదాకా పురుగు కళ్ల ముందే ఉన్నా పిట్టకు లేనట్టే.

చేలో నడిచే మనిషికీ ఇదే వర్తిస్తుంది. నగల దుకాణంలో చూసిన వజ్రాన్ని మనసులో పెట్టుకుని వెళితే నిజం వజ్రాన్ని తొక్కుకుంటూ పోతారు. దుకాణంలో మెరుపు సానపట్టినవాడి పనితనం. నేల మీది పచ్చి వజ్రానికి ఆ తళతళలు ఉండవు. పటిక ముక్కలాగా, నూనె రాసినట్టున్న జిగితో, గుండ్రం తిరిగిన అంచులతో ఉంటుంది. రెండు పిరమిడ్లను అడుగుకు అడుగు అంటించినట్టు ఎనిమిది ముఖాలు కనిపించవచ్చు. భూతద్దంలో చూస్తే కొన్నిటి ముఖాల మీద సన్నటి త్రికోణపు గుర్తులు కూడా కనిపిస్తాయి. రంగు తెలుపే కానక్కర్లేదు, లేత పసుపు, గోధుమ రంగు రాళ్లూ ఉంటాయి. పరిమాణం విషయంలో ఆశ తగ్గించుకోండి. ఒక క్యారెట్ అంటే గ్రాములో అయిదో వంతు, అంటే చాలా చిన్న రాయి.

మీరు ఏరుకొచ్చే తెల్లరాళ్లలో దాదాపు అన్నీ పలుగురాళ్లే అవుతాయి. కాబట్టి మొదట పలుగురాయిని క్షుణ్ణంగా తెలుసుకోండి. పది పన్నెండు ముక్కలు ఇంటికి తెచ్చి, కడిగి, ఎండలో తిప్పి చూడండి. విరిగిన చోట గాజు పెంకులా వంపులు తిరిగి ఉంటుంది. స్ఫటికంగా పెరిగితే ఆరు పక్కలుంటాయి, పక్కల మీద అడ్డంగా గీతలుంటాయి. పలుగురాయి తెలిసిన కన్నుకు అది కానిది వెంటనే తెలుస్తుంది. అనుభవమున్నవాళ్లు వంగి ఒక రాయిని మాత్రమే తీసి మిగతావాటిని వదిలేయడం చూసినవాళ్లకు ఏదో అతీత శక్తిలా అనిపిస్తుంది. వాళ్లకు అబ్బింది ఈ పరిచయమే.

వజ్రంతో పాటు వచ్చే రాళ్లను కూడా గుర్తుపట్టడం నేర్చుకోండి. ఎర్రటి పైరోప్ గార్నెట్, నల్లగా బరువుగా ఉండే ఇల్మెనైట్, పచ్చటి క్రోమ్ డయాప్సైడ్. భూగర్భ శాస్త్రవేత్తలు కింబర్లైట్‌ను వెతికేటప్పుడు వజ్రం కోసం కాక వీటి కోసం వాగుల మట్టి జల్లెడ పడతారు. గార్నెట్ వెతకడమూ చిన్నచూపు చూడాల్సిన పని కాదు. తమిళ తీరంలోని అరికమేడులో తవ్వకాల్లో దొరికిన ప్రాచీన గార్నెట్లను పరీక్షించి, వాటి మూలం తెలంగాణలో కొత్తగూడెం దగ్గర గరీబ్‌పేట గుట్ట అని రత్న శాస్త్రవేత్తలు తేల్చారు.

నడక విషయానికొస్తే, పొద్దున లేదా సాయంత్రం, ఎండ ఏటవాలుగా పడే వేళ మంచిది. వాన వెలిసి ఎండ కాసిన రోజైతే మరీ మంచిది. చేను మొత్తం చుట్టేయాలని చూడకండి. గట్టు పక్కన నాలుగు అడుగుల వెడల్పు పట్టీ ఎంచుకుని, చివరిదాకా నెమ్మదిగా వెళ్లి, మళ్లీ ఎదురు దిక్కు నుంచి రండి. వెలుగు మారితే అదే నేల వేరేగా కనిపిస్తుంది. కళ్లు అలిసినట్టు అనిపిస్తే ఆగి దూరంగా చూడండి. అలిసిన కళ్లతో ఇంకో గంట నడవడం కంటే చెట్టు కింద కూర్చోవడం మేలు.

దొరికిందనుకున్న రాయితో ఏం చేయాలి

సుత్తితో కొట్టి మాత్రం చూడకండి. వజ్రమైతే పగలదన్నది పాత అపోహ. దాని వల్ల ఎన్ని మంచి రాళ్లు ముక్కలై ఉంటాయో తలుచుకుంటే బాధ కలుగుతుంది. గీతకు లొంగకపోవడం వేరు, దెబ్బకు తట్టుకోవడం వేరు. గీతకు వజ్రాన్ని మించినది లేదు, కాఠిన్యం కొలమానంలో దానిది 10వ స్థానం. దెబ్బ సరైన దిశలో తగిలితే మాత్రం చీలిపోతుంది.

అద్దం మీద గీసి చూడటం కూడా దండగే. అద్దం కాఠిన్యం అయిదున్నర ప్రాంతంలో ఉంటుంది, పలుగురాయిది 7. పలుగురాయి కూడా అద్దాన్ని గీస్తుంది. ఈ పరీక్షతో మురిసిపోయి ఊళ్లో చాటింపు వేసుకున్నవాళ్లు తర్వాత తలెత్తుకోలేక ఇబ్బంది పడతారు.

ఇంట్లో చేసుకోదగ్గ నమ్మకమైన పరీక్ష తూకం. మిల్లీగ్రాముల దాకా చూపే చిన్న త్రాసు కావాలి. ముందు రాయిని పొడిగా తూచి రాసుకోండి. తర్వాత త్రాసు మీద నీళ్ల గిన్నె పెట్టి, అంకెను సున్నాకు తెచ్చి, రాయిని సన్నటి దారంతో గిన్నె అడుగుకు తగలకుండా నీళ్లలో ముంచండి. ఇప్పుడు కనిపించే అంకెతో మొదటి బరువును భాగించండి. 2.65 వస్తే పలుగురాయి. 3.52కు దగ్గరగా వస్తే రాయిని జాగ్రత్తగా దాచి నిపుణుడి దగ్గరకు వెళ్లండి. అప్పుడే సంబరపడొద్దు, రంగులేని పుష్యరాగం సాంద్రత కూడా దాదాపు అంతే. వేడిని చకచకా లాగేసే గుణాన్ని బట్టి వజ్రాన్ని పసిగట్టే చిన్న పరికరం చాలా నగల దుకాణాల్లో ఉంటుంది. రెండు మూడు చోట్ల చూపించి, రాయి మీ చేతుల్లోంచి పక్క గదిలోకి వెళ్లకుండా చూసుకోండి.

అమ్మకం దగ్గరే అసలు చిక్కు. నేల మీద కనిపించింది ఏరడం ఒక ఎత్తు, తవ్వడం ఒక ఎత్తు. తవ్వకానికి 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం కింద అనుమతి తప్పనిసరి. మధ్యప్రదేశ్‌లోని పన్నాలో దీనికో పద్ధతి పెట్టుకున్నారు. మామూలు మనిషి కూడా స్వల్ప రుసుము కట్టి 8 మీటర్ల చదరపు జాగా తీసుకోవచ్చు. దొరికిన రాయిని ప్రభుత్వ వజ్రాల కార్యాలయంలో అప్పగిస్తే తూచి, విలువ కట్టి, వేలం వేసి, రాయల్టీ, పన్ను పోగా మిగిలింది అతనికే ఇస్తారు. మన చేలల్లో రాయి దొరికినవాడు మాత్రం భయం భయంగా, దాని విలువ తెలియకుండా, అప్పటికప్పుడు ఎదురైన వ్యాపారికి అమ్ముకుంటాడు. పన్నా లాంటి కార్యాలయం ఒకటి మన దగ్గరా రావాలన్నది నా గట్టి అభిప్రాయం. పేదవాడికి దక్కాల్సిన ధర దక్కుతుంది, ప్రభుత్వానికి రావాల్సింది వస్తుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇంకా తేలికైన దారి ఉంది. అర్కాన్సా రాష్ట్రం మర్‌ఫ్రీస్‌బరో దగ్గర 37 ఎకరాల చేను ఉంది. 1906లో ఆ పొలం రైతు జాన్ హడిల్‌స్టన్‌కు అక్కడ వజ్రాలు దొరికాయి. 1924లో 40.23 క్యారెట్ల రాయి వచ్చింది, దాన్ని ‘అంకుల్ శామ్’ అంటారు. 1972 నుంచి అది రాష్ట్ర పార్కు. టికెట్ కొనుక్కుని లోపలికి వెళ్లి వెతుక్కోవచ్చు, దొరికింది దొరికినవాళ్లదే. సిబ్బంది ఆ రాయి ఏమిటో ఉచితంగా చెబుతారు, అప్పుడప్పుడు చేను దున్ని కొత్త మట్టి పైకి తెస్తారు. సందర్శకులందరికీ కలిపి రోజుకు సగటున ఒకటి రెండు వజ్రాలు దొరుకుతుంటాయి, వాటిలో ఎక్కువ భాగం చిన్నచిన్నవే. డాలస్‌లో ఉన్న తెలుగు కుటుంబాలు కారులో కొన్ని గంటల్లో చేరుకోవచ్చు. పిల్లలకు వేసవి సెలవుల్లో చూపించదగ్గ చోటు.

చేను రైతుది

మన దగ్గర అలాంటి పార్కు లేదు. మీరు అడుగుపెట్టేది ఒక రైతు బతుకుతెరువులో. వాన పదును మీద విత్తనం వేయాల్సిన రోజుల్లోనే మీకు వెతుక్కునే సమయం. ఆ ఘర్షణను గుర్తుంచుకోండి. విత్తిన చేలో వందమంది తొక్కితే మొలక రాదు, మళ్లీ విత్తనానికి అప్పు చేయాల్సింది ఆయనే. అడిగి వెళ్లండి. “అన్నా, చేన్లోకి దిగొచ్చా?” అంటే చాలామంది కాదనరు. “విత్తనం ఏసినామప్పా, ఆ గట్టెంబడి సూసుకో” అంటే గట్టు వెంబడే చూసుకోండి. గుంతలు తవ్వకండి, ఎద్దు కాలు పడితే విరుగుతుంది. నీళ్ల సీసాలు, అన్నం పొట్లాల కాగితాలు తిరిగి తెచ్చేయండి.

ఉరుము వినబడితే చేను వదిలి పక్కా కట్టడంలోకి వెళ్లండి. తొలకరి వేళ బయలు పొలంలో పిడుగు నిజమైన ప్రమాదం, చెట్టు కిందికి అస్సలు వెళ్లొద్దు. కాళ్లకు బూట్లు వేసుకోండి, వానకు పాములు బయటికొస్తాయి. ఎవరో తవ్వి వదిలేసిన గుంతలోకి ఎంత ఆశ పుట్టినా దిగొద్దు. నర్సీపట్నం చుట్టుపక్కల కొండల్లో రంగురాళ్ల కోసం దొంగచాటుగా తవ్విన గోతులు కూలిపోయి కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

జొన్నగిరి వైపు వెళ్లినవాళ్లు ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలు చూడకుండా వెనక్కి రావొద్దు. రెండువేల రెండువందల ఏళ్లకు పైబడిన అక్షరాలు అవి. రాయి దొరకని రోజున కూడా ఆ ప్రయాణం వృథా కాదు.

డబ్బు రాని వేట

ఒక్క మాట నిక్కచ్చిగా చెబుతాను. రాళ్ల మీద మనసు పడ్డవాళ్లకు వజ్రాల కంటే శిలాజాల దారి మంచిది. వాటిని మొదట చూడటానికి అదృష్టం అక్కర్లేదు, ఎక్కడ చూడాలో తెలిస్తే కనిపిస్తాయి. వాటితో ఎవరూ అప్పులు తీర్చుకోవాలనుకోరు కనుక మనసు తేలిగ్గా ఉంటుంది.

కడప జిల్లా వేంపల్లె పరిసరాల్లో డోలమైట్ రాళ్ల మీద ఉల్లిపొరల్లాంటి వలయాలు కనిపిస్తాయి. వాటిని స్ట్రొమటోలైట్లు అంటారు. సుమారు 190 కోట్ల ఏళ్ల కిందట లోతులేని సముద్రంలో కంటికి కనిపించని జీవులు పొరమీద పొర పేర్చిన కట్టడాలవి. అప్పటికి చేప లేదు, చెట్టు లేదు. దక్కన్ లావా దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందట విడతలు విడతలుగా పారింది. విడతకూ విడతకూ మధ్య ఏర్పడిన చెరువుల అడుగు మట్టి ఇప్పుడు రాయిగా ఉంది. రాజమండ్రి దగ్గర కాతేరులో, తెలంగాణలో వికారాబాద్ వైపు ఆ పొరలు బయటపడతాయి. వాటిలో నత్తగుల్లలు కనిపిస్తాయి. వికారాబాద్ వైపు నస్కల్ దగ్గర పొరల్లోనే డెక్కనోలెస్టిస్ అనే చిట్టి క్షీరదం పళ్లు దొరికాయి. 1988లో ఆ సంగతి ప్రకటించినప్పుడు డైనోసార్ల కాలపు క్రెటేషియస్ యుగపు క్షీరదం భారతదేశంలో బయటపడటం అదే మొదలు. ఆ పళ్లు ఇసుక రేణువులంత చిన్నవి, మట్టిని నీళ్లలో నానబెట్టి, జల్లెడ పట్టి, సూక్ష్మదర్శిని కింద ఏరినవి. పెద్ద ఎముక కోసమే చూసే కన్నుకు అవి ఎన్నటికీ దొరికేవి కావు.

పెద్ద ఎముక చూడాలన్నా మనకు కొదవ లేదు. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టిన కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ప్రాణహిత, గోదావరి లోయలో యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలతో కట్టింది. అదే లోయలో దొరికిన బరపాసారస్ కోల్‌కతాలోని భారతీయ గణాంక సంస్థలో ఉంది. పిల్లల్ని మొదట బిర్లా సైన్స్ సెంటర్‌కు తీసుకెళ్లండి. పిట్ట కంటికి పురుగు రూపం పడినట్టు ఎముక రూపం వాళ్ల కంట పడాలి.

పుస్తకం చదువుకోలేని పేదరికంలో పుట్టి శిలాజాలు వెతికే ఈ విద్యలో అందరినీ మించిన మనిషి మేరీ ఆనింగ్. 1799లో ఇంగ్లండ్ సముద్రతీరపు ఊరు లైమ్ రీజిస్‌లో పుట్టింది. చలికాలపు తుఫానులకు కొండచరియలు విరిగిపడగానే, అలలు ఎత్తుకుపోకముందే వెళ్లి ఏరేది. 1823లో ప్లీసియోసార్ అనే ప్రాచీన సముద్ర సరీసృపం పూర్తి అస్థిపంజరాన్ని వెలికితీసింది. 1833లో చరియ విరిగిపడి ఆమె కుక్క ట్రే ఆమె కాళ్ల ముందే చనిపోయింది, ఆమె కొద్దిలో తప్పించుకుంది. స్త్రీ కనుక లండన్ భూగర్భ శాస్త్ర సంఘం ఆమెను సభ్యురాలిగా తీసుకోలేదు. ఆ తీరంలో ఇప్పటికీ ఎవరైనా వెళ్లి ఒడ్డున పడి ఉన్న అమ్మొనైట్ శిలాజాలను ఏరుకోవచ్చు. బ్రిటన్‌లో ఉన్న తెలుగువాళ్లు ఆటుపోట్ల వేళలు చూసుకుని, నీరు తగ్గేటప్పుడు వెళ్లాలి, చరియ కిందకు పోకూడదు.

ఇంటి దగ్గర ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. ఏ రాయి ఏ తేదీన, ఏ ఊరి పొలిమేరలో, ఏ రంగు పొరలో కనిపించిందో రాయండి. ఫోనులో ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు కూడా నమోదు చేయండి. ఎక్కడ దొరికిందో తెలియని శిలాజం షోకేసులో బొమ్మ మాత్రమే, శాస్త్రానికి దాదాపుగా పనికిరాదు. అభయారణ్యాల్లో, రక్షిత ప్రదేశాల్లో చిన్న రాయి కూడా తీయకండి. విశాఖ దగ్గరి ఎర్రమట్టి దిబ్బల వంటి జాతీయ భూవారసత్వ స్థలాలు చూడటానికి మాత్రమే.

చివరగా ఒక్క విన్నపం. ఎక్కడైనా బండలో ఎముకలాంటి ఆకారమో, వరుసగా పళ్లో కనిపిస్తే గడ్డపార వేయకండి. పక్కన స్కేలు గానీ రూపాయి బిళ్ల గానీ పెట్టి ఫొటో తీయండి, చోటు రాసుకోండి, హైదరాబాద్ బండ్లగూడలో ఉన్న భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ కార్యాలయానికి గానీ, దగ్గరి విశ్వవిద్యాలయం భూగర్భ శాస్త్ర విభాగానికి గానీ తెలియజేయండి.